రిపోర్టులో క్లెబ్సియెల్లా, స్లైడులో ఇంకొకటి: ఒక న్యుమోనియా కేసు

నేను క్లినికల్ మైక్రోబయాలజిస్టుని. పేషెంట్లను చూసేది తక్కువ, వాళ్ల దగ్గర్నుంచి వచ్చే సీసాలూ ట్యూబులూ చూసేది ఎక్కువ. ఈ కేసులో ఒకే మనిషి ఊపిరితిత్తుల నుంచి రెండు శాంపిళ్లు వచ్చాయి. రెండూ రెండు రకాలుగా మమ్మల్ని తప్పుదారి పట్టించాయి. వాటిలో మొదటిది నా సంతకంతోనే బయటికి వెళ్లింది. పేషెంటు ఎవరో తెలిసే ఆనవాళ్లు తీసేశాను, కొన్ని మార్చాను. ల్యాబ్‌లో జరిగినది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

పేషెంటు

యాభై దాటిన వ్యక్తి. ఆటోఇమ్యూన్ జబ్బుకు కొన్ని నెలలుగా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ పెద్ద మోతాదులో వాడుతున్నారు. మూడు వారాలుగా జ్వరం, దగ్గు, నీరసం. బరువు కూడా తగ్గారు. బయట రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ అయిపోయాయి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పై లోబ్ గట్టిపడి ఉంది, మధ్యలో చిన్న గుల్ల. చేర్చుకున్న రాత్రే సెఫ్‌ట్రియాక్సోన్ మొదలుపెట్టారు. కఫం తీసింది మర్నాడు పొద్దున.

ముందు మందు, తర్వాత శాంపిల్. ఈ వరస ముఖ్యం. న్యూమోకాకస్, హీమోఫిలస్ లాంటి సుకుమారమైన బ్యాక్టీరియా ఒకటి రెండు డోసులకే కల్చర్‌లో రాకుండా పోతుంది. గొంతులో చేరి కూర్చున్న మొండి ఘటాలు మాత్రం మిగులుతాయి. ఇందులో వార్డును తప్పు పట్టడానికేమీ లేదు. మనిషి ఆయాసపడుతుంటే శాంపిల్ కోసం మందు ఆపకూడదు. కాకపోతే ఫారమ్ మీద "న్యుమోనియా, కల్చర్ అండ్ సెన్సిటివిటీ" అని తప్ప ఇంకేమీ లేదు. స్టెరాయిడ్ మాట లేదు, గుల్ల మాట లేదు, రాత్రి మందు పడిందన్న మాట అంతకన్నా లేదు.

మొదటి శాంపిల్: నేను ఒప్పుకోకూడనిది

కఫం రాగానే కల్చర్ వేసేయం. ముందు ఒక స్లైడు చేసి, పది రెట్ల ఆబ్జెక్టివ్ కింద అది నిజంగా ఊపిరితిత్తుల నుంచి వచ్చిందా, నోట్లోని ఉమ్మా అని చూస్తాం. ఫీల్డుకు 25కి మించి చీముకణాలు, పదికి లోపు నోటిపొర కణాలు ఉంటే మంచి కఫం. పెంకుల్లా పరుచుకుని ఉండే నోటిపొర కణాలే ఎక్కువగా ఉంటే అది ఉమ్మి. ఉమ్మిలో ఏం పెరిగినా ఊపిరితిత్తి సంగతి చెప్పదు.

ఈ శాంపిల్‌లో ఏ ఫీల్డు చూసినా నోటిపొర కణాలే, చీముకణం వెతికితే గాని కనబడలేదు. మా టెక్నీషియన్ "రిజెక్ట్" అని రాసి నా బల్ల మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే వార్డు నుంచి ఫోన్.

"మేడమ్, ఆయనకి దగ్గే ఓపిక లేదు. ఇంకో శాంపిల్ రాదు. ఉన్నదాంతోనే చేసేయండి మేడమ్."

చేసేశాను. ఆ క్షణంలో నా వాదన ఏమిటంటే, ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి నయం. వినడానికి బాగానే ఉంటుంది. చెడ్డ శాంపిల్‌కి ఆ మాట వర్తించదు. ఏమీ లేకపోతే డాక్టరు వెతుకుతూనే ఉంటారు. తప్పు సమాధానం చేతికొస్తే వెతకడం ఆపేస్తారు.

మర్నాడు మెకాంకీ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే ఒక రకం మీడియం) మీద గులాబీ రంగు కాలనీలు, లూప్‌తో ఎత్తితే తీగలా సాగాయి. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా. పేరులోనే న్యుమోనియా ఉంది. పై లోబ్, గుల్ల పడటం అన్నీ పాఠ్యపుస్తకంలోని క్లెబ్సియెల్లా బొమ్మకి సరిపోయాయి. పిపరాసిలిన్-టాజోబాక్టమ్‌కి లొంగుతుందని వచ్చింది. రిపోర్టు కింద "శాంపిల్ నాణ్యత తక్కువ" అని చిన్న అక్షరాల్లో ఒక ముక్క చేర్చాను. ఆ ముక్క చదివే తీరిక వార్డులో ఎవరికుంటుంది? పెద్ద అక్షరాల్లో బ్యాక్టీరియా పేరుంది, పక్కనే మందుల పట్టిక ఉంది.

యాంటీబయాటిక్స్ వాడినవాళ్ల గొంతులోనూ, ఆసుపత్రిలో పడుకున్నవాళ్ల గొంతులోనూ క్లెబ్సియెల్లా వచ్చి చేరడం మామూలే. రెండు కోర్సులు అయిపోయిన మనిషిలో దాని అర్థం ఇంకా తగ్గిపోతుంది. ఈ విషయం నాకు ఆ రోజు కూడా తెలుసు. సంతకం పెట్టేటప్పుడు తలకెక్కలేదు, అంతే.

రెండో శాంపిల్

ఐదు రోజులు పిప్-టాజో నడిచింది. జ్వరం అలాగే ఉంది. సీటీలో గుల్ల పెద్దదైంది, రెండోవైపు కూడా చిన్న చిన్న గడ్డలు కనబడ్డాయి. ఛాతీ వైద్యులు బ్రాంకోస్కోపీ చేసి బాల్ పంపారు. ఆ లోబ్‌లోకి సెలైన్ వదిలి వెనక్కి లాగిన ద్రవం అది.

శాంపిల్ తీసిన పద్ధతికి మాత్రం వంక పెట్టలేం. మొదట వచ్చిన ద్రవాన్ని విడిగా ఉంచారు, ఎందుకంటే అది గాలిగొట్టాల్లోంచి వచ్చేది, గాలితిత్తుల్లోంచి కాదు. మత్తు కోసం వాడే లిగ్నోకైన్ బ్యాక్టీరియాను అణిచేస్తుందని తెలిసి తక్కువే వాడారు. గంటలోపే ల్యాబ్‌కి చేరింది. స్లైడులో నోటిపొర కణాలు దాదాపు లేవు, చీముకణాలు గుట్టలు గుట్టలు.

కల్చర్‌ని లెక్క కట్టి వేశాం. ఒక మైక్రోలీటరు పట్టే లూప్‌తో గీస్తే, ప్లేటు మీద ఒక్కో కాలనీ మిల్లీలీటరుకు వెయ్యి బ్యాక్టీరియాతో సమానం. బాల్‌లో సాధారణంగా 10,000 దాటితేనే అది జబ్బుకు కారణమని అనుకుంటాం, అంటే పది కాలనీలు. మాకు వచ్చినవి మూడు, అవీ నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్‌వి. క్లెబ్సియెల్లా ఒక్కటీ లేదు. 48 గంటలకు "చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు" అని రిపోర్టు వెళ్లిపోయింది. ప్లేట్లు ఎర్ర సంచిలో పడ్డాయి, ఆటోక్లేవ్‌లోకి వెళ్లాయి.

క్లెబ్సియెల్లా రాకపోవడంతోనే అది మొదటినుంచీ లేదని తేలదు. ఐదు రోజుల మందుకి చచ్చిపోయి ఉండొచ్చు. కానీ అది చచ్చిపోయాక కూడా గుల్ల పెరుగుతోందంటే, ఆ గుల్లను చేస్తున్నది అది కాదు.

దాన్ని పట్టుకోకుండా మేము ఇంకోదాంట్లో పడ్డాం. అదే బాల్‌కి టీబీ కోసం వేసిన జీల్-నీల్సన్ స్లైడులో (టీబీ బ్యాక్టీరియాకి ఎర్రరంగు పట్టించే పద్ధతి) టెక్నీషియన్ వంద ఫీల్డుల్లో మూడు ఎర్రటి కడ్డీలు లెక్కపెట్టి "స్కాంటీ, 3" అని రాశాడు, అంటే చాలా తక్కువ. టీబీ డీఎన్ఏని వెతికే యంత్రం జీన్‌ఎక్స్‌పర్ట్‌లో మాత్రం టీబీ లేదు. వార్డులో ఒక వాదన మొదలైంది: స్కాంటీయే కదా, బ్యాక్టీరియా తక్కువుండబట్టి జీన్‌ఎక్స్‌పర్ట్‌కి అందలేదేమో. మూడు వారాల జ్వరం, బరువు తగ్గడం, పై లోబ్‌లో గుల్ల, స్టెరాయిడ్స్. టీబీ మందులు మొదలుపెట్టేద్దామనుకుని, చివరిమాటగా నన్నడగడానికి ఫోన్ చేశారు.

లెక్క కుదరలేదు

ఆ ఫోన్ రాకపోతే ఈ కేసు వేరేలా ముగిసేది. "బ్యాక్టీరియా తక్కువ కాబట్టి జీన్‌ఎక్స్‌పర్ట్‌కి అందలేదు" అన్న వాదన తలకిందులుగా ఉంది.

స్లైడులో కంటికి కనబడాలంటే మిల్లీలీటరుకు ఐదు నుంచి పది వేల బ్యాక్టీరియా ఉండాలి. పాత జీన్‌ఎక్స్‌పర్ట్ కార్ట్రిడ్జికే సుమారు 130 చాలు, అల్ట్రా కార్ట్రిడ్జికి ఇంకా తక్కువ. కంటికి దొరికినవి యంత్రానికి దొరకలేదంటే దారులు కొన్నే. శాంపిల్‌లో ఏదో పదార్థం పరీక్షను అడ్డుకుని ఉండాలి. అలా జరిగితే కార్ట్రిడ్జిలోని కంట్రోల్ విఫలమై "ఇన్‌వాలిడ్" అని వచ్చేది, ఇక్కడ అది రాలేదు. స్లైడు చూసిన కన్ను పొరబడి ఉండాలి. లేదా అవి ఎర్రరంగు పట్టే వేరే జీవులై ఉండాలి, అంటే టీబీకి బంధువులైన ఇతర మైకోబ్యాక్టీరియా గానీ, నోకార్డియా అనే, కొమ్మల దారాల్లా పెరిగే బ్యాక్టీరియా గానీ.

స్టెరాయిడ్స్ మీద ఉన్న మనిషి. నెమ్మదిగా ముదురుతున్న గుల్ల. సెఫ్‌ట్రియాక్సోన్‌కీ పిప్-టాజోకీ కదలని జ్వరం. చీము నిండా ఉన్నా 48 గంటల్లో ఏమీ పెరగని బాల్. ఈ చివరిది ఒక్కటే చాలు నన్ను ఆపడానికి. అంత చీము ఊరికే చేరదు. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు స్లైడునీ ప్లేటునీ పక్కపక్కన పెట్టి చూసుంటే ఈ ప్రశ్న అప్పుడే వచ్చేది. మా పద్ధతిలో స్లైడు ఒకరు చూస్తారు, ప్లేటు ఇంకొకరు చూస్తారు. రెండూ కంప్యూటర్ తెర మీద రెండు వేర్వేరు గళ్లలో ఉంటాయి.

"టీబీ మందులు ఒక్క పూట ఆపండి, స్లైడులు నేను చూస్తాను" అన్నాను.

పెట్టెలోంచి తీసిన స్లైడు

బాల్ గ్రామ్ స్లైడు (బ్యాక్టీరియాకి ఊదా, గులాబీ రంగులు వేసి చూసేది) మీద టెక్నీషియన్ రాసింది "చీముకణాలు 3+, బ్యాక్టీరియా లేదు, రంగు మడ్డి ఉంది". నూనె వేసి వంద ఆబ్జెక్టివ్‌లో పెట్టాను. పలచటి చోట్ల నిజంగానే మడ్డి ఉంది, క్రిస్టల్ వయొలెట్ గింజలు గింజలుగా. చీముకణాల గుంపు అంచుకు జరిపాక పది నిమిషాలకి ఒక పోగు దొరికింది. లేత గులాబీ రంగు సన్నటి దారం, దాని మీద అక్కడక్కడా ఊదా చుక్కలు, తెగిన పూసల దండలా. మధ్యలో ఒక కొమ్మ దాదాపు లంబకోణంలో పక్కకి చీలింది. ఫైన్ నాబ్ అటూ ఇటూ తిప్పాను. రంగు మడ్డి అయితే కణాల పైన వేరే ఎత్తులో తేలుతుంది, కణం ఫోకస్‌లో ఉంటే అది మసకబారుతుంది. ఈ పోగు కణంతో పాటే ఫోకస్‌లోకి వచ్చింది, కణంతో పాటే పోయింది. పైగా మడ్డికి కొమ్మలుండవు.

టెక్నీషియన్‌ని పిలిచి చూపించాను. కాసేపు కళ్లు తీయలేదు. "నేను చుక్కలు చూశాను మేడమ్, దారం చూడలేదు" అన్నాడు. అది సాకు కాదు. పూసల మధ్య దారం అంత లేతగా ఉంటుంది.

డెన్మార్క్ డాక్టరు గ్రామ్ ఈ రంగు పద్ధతిని 1884లో ప్రచురించింది న్యుమోనియాతో పోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులు స్పష్టంగా కనబడాలని. ఊపిరితిత్తుల కోసమే పుట్టిన పరీక్షను మేం కల్చర్‌కి ముందు చేసే లాంఛనంలా చూడటం అలవాటు చేసుకున్నాం.

కొమ్మలుండే పూసల పోగు అంటే ఆక్టినోమైసిస్ అనే ఇంకో బ్యాక్టీరియా కూడా కావచ్చు. తేల్చడానికి మార్చిన జీల్-నీల్సన్ వేశాం. టీబీ స్లైడును 20 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడుగుతాం, దీన్ని 1 శాతంతో. టీబీ బ్యాక్టీరియా ఘాటు యాసిడ్‌ని తట్టుకుని ఎరుపు వదలదు. నోకార్డియా పలచటి యాసిడ్‌కి ఆగుతుంది, ఘాటుకి చాలావరకు రంగు వదిలేస్తుంది. ఆక్టినోమైసిస్ రెండింటికీ వదిలేస్తుంది. గంటలో స్లైడు వచ్చింది. నీలి నేపథ్యం మీద ఎర్రటి కొమ్మలు, ఫీల్డుకొకటి. మొదటి టీబీ స్లైడు మళ్లీ తీస్తే, ఆ "మూడు కడ్డీల్లో" ఒకదానికి చిన్న మోచేయి ఉంది. ఘాటు యాసిడ్‌ని కొంత తట్టుకున్న పోగు ముక్కలే అవి.

అప్పటికింకా కల్చర్ లేదు, జాతి పేరు లేదు. అయినా ఆగలేదు. "నోకార్డియా అయ్యే అవకాశం చాలా ఎక్కువ" అని ఫోన్‌లోనే చెప్పాను. ఇంకో మాట కూడా: తలనొప్పి లేకపోయినా మెదడు ఎంఆర్ఐ చేయించండి. ఊపిరితిత్తుల నుంచి నోకార్డియాకి మెదడుకి పాకే అలవాటుంది, లక్షణాలు లేకుండానే. అదుంటే మందుల జాబితా, వాడే కాలం రెండూ మారిపోతాయి. ఎంఆర్ఐలో ఒక చిన్న ఉంగరం లాంటి మచ్చ కనబడింది. ఆ సాయంత్రమే కోట్రైమాక్సజోల్, ఇమిపెనెమ్, అమికాసిన్ మూడూ మొదలయ్యాయి. జాతిని బట్టి ఏ ఒక్క మందుకైనా లొంగకపోవచ్చు కాబట్టి, తేలేదాకా ఒక్కదాని మీద ఆధారపడలేం.

ఫ్రిజ్‌లో మిగిలినది

ప్లేట్లు పారేశాం గానీ బాల్ ట్యూబు అడుగున కాస్త ద్రవం నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంది. న్యూమోకాకస్ అయితే ఆశ వదులుకోవాల్సిందే. నోకార్డియా గట్టిది. మళ్లీ వేశాం. ఈసారి బ్లడ్ అగార్‌తో పాటు, లీజియోనెల్లా కోసం ఉంచుకున్న బొగ్గుపొడి, ఈస్ట్ సారం కలిపిన నల్లటి మీడియం మీద కూడా. నోకార్డియాకి అది బాగా నచ్చుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఫంగస్ కోసం వేసిన ప్లేట్లో కూడా నోకార్డియా రావచ్చు, కానీ మేం వాడే ఫంగస్ మీడియంలో బ్యాక్టీరియాని అణచడానికి క్లోరామ్‌ఫెనికాల్ ఉంది, అది దీన్నీ అణిచేస్తుంది. టీబీ కల్చర్‌కి వేసే ముందు శాంపిల్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేస్తాం, నోకార్డియా దానికీ తట్టుకోదు. అంటే మేం వేసిన మూడు కల్చర్లలో రెండు దీన్ని చంపేవే. మూడోది రెండు రోజులకే పారేశాం. ఇంత పెద్ద ల్యాబ్‌లో అది పెరగడానికి చోటే లేకుండా చేశాం.

నాలుగో రోజు నల్లటి ప్లేటు మీద సూదిమొన చుక్కలు. ఆరో రోజుకి సుద్దపొడి చల్లినట్టు తెల్లగా, ముడతలుగా పెరిగాయి. లూప్‌తో ఎత్తబోతే కాలనీ రాలేదు, అగార్‌లోకి వేళ్లు దిగినట్టు పట్టుకుంది. గట్టిగా లాగితే పెళుసుగా విరిగింది. ప్లేటు వాసన చూడకూడదని విద్యార్థులకి రోజూ చెప్తాను, నేనూ చూడను. సబ్‌కల్చర్ గొట్టాలున్న ఇంక్యుబేటర్ తలుపు తీయగానే మాత్రం తడిసిన మట్టి వాసన దానంతటదే వచ్చింది.

ప్రొటీన్లను బట్టి జీవి పేరు చెప్పే యంత్రం మాల్డి-టాఫ్‌లో కాలనీని నేరుగా పెడితే ఏ పేరూ రాలేదు. ఈ జీవి గోడ మందం. గాజుపూసలతో నలిపి, ఇథనాల్, ఫార్మిక్ యాసిడ్‌తో ప్రొటీన్లు బయటికి తీశాక నోకార్డియా ఫార్సినికా అని వచ్చింది. ఎడ్మాన్ నోకార్ 1888లో వర్ణించింది పశువుల ఫార్సీ జబ్బులో దొరికిన జీవిని, ఆ జబ్బు పేరే దీనికి మిగిలింది. మా కేసుకి పనికొచ్చిన సంగతి వేరు. ఫార్సినికా మూడో తరం సెఫలోస్పోరిన్లకి సాధారణంగా లొంగదు, సెఫ్‌ట్రియాక్సోన్ వాటిలో ఒకటి. మొదటి రాత్రి వేసిన సెఫ్‌ట్రియాక్సోన్ ఎందుకు పని చేయలేదో అప్పుడు అర్థమైంది.

మందుల పరీక్షలో ఇంకో గొయ్యి

బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును రకరకాల పలచనల్లో నింపిన చిన్న గుంతల్లో జీవిని పెంచి చూసే పరీక్ష) మొదటిసారి చదివితే కోట్రైమాక్సజోల్‌కి లొంగదని వచ్చింది. గుండె జారింది, చికిత్సకి వెన్నెముక ఆ మందే. కానీ పేషెంటు జ్వరం అప్పటికే దిగుతోంది. ప్లేటు చెప్పేదీ మనిషి చెప్పేదీ మళ్లీ కలవలేదు. ఈసారి సంతకం పెట్టలేదు.

లోపం ద్రావణంలో ఉంది. ముద్దలు కట్టే ఈ జీవిని సమంగా కలపడం కష్టం. ముద్దలు మిగిలితే గుంతలో పడాల్సినదానికంటే ఎక్కువ పడుతుంది. కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మందుల్లో పెరుగుదల ఒక్కసారిగా ఆగదు, పలచటి నీడలా కొనసాగుతుంది. అందుకే పూర్తిగా ఆగిన చోటుని చూడకుండా, కంట్రోల్‌తో పోలిస్తే 80 శాతం తగ్గిన చోటుని చదవాలి. గాజుపూసలతో బాగా తిప్పి, ముద్దలు కిందికి దిగేదాకా ఆగి, పైన తేటగా ఉన్నదే తీసుకుని మళ్లీ వేశాం. మూడో రోజు ఇద్దరం విడివిడిగా చదివాం. కోట్రైమాక్సజోల్‌కి, అమికాసిన్‌కి, ఇమిపెనెమ్‌కి లొంగుతుంది, సెఫ్‌ట్రియాక్సోన్‌కి లొంగదు. మొదటి ఫలితం వార్డుకి వెళ్లుంటే పనిచేస్తున్న మందును ఆపేసి ఉండేవాళ్లు.

జ్వరం రెండో వారానికి పూర్తిగా పోయింది. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించారు. కొన్ని వారాల తర్వాత ఇంజెక్షన్లు ఆపి మాత్రల మీద పెట్టారు, మధ్యమధ్య పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటూ. మెదడులో మచ్చ ఉంది కాబట్టి చికిత్స మొత్తం ఏడాది. ఆఖరి స్కాన్‌లో ఊపిరితిత్తిలో చిన్న మచ్చ మాత్రం మిగిలింది.

ఇప్పుడు చేస్తున్నది

ల్యాబ్‌లో కొన్ని మారాయి. ఉమ్మి లాంటి కఫం వస్తే, ఎవరు ఫోన్ చేసినా కల్చర్ వేయం. బదులుగా వార్డుకి వెళ్లి, ఉప్పునీటి ఆవిరి పట్టి కఫం తీయడమో, బ్రాంకోస్కోపీయో మాట్లాడతాం. మొహం మీద "కాదు" అనడం కంటే అది ఎక్కువ పని. చీముకణాలు నిండుగా ఉండి కల్చర్ రాని ప్రతి బాల్ ప్లేటూ రెండు వారాలు ఉంటుంది, ఆ గ్రామ్ స్లైడును రెండో మనిషి మళ్లీ చూడాలి. జీల్-నీల్సన్‌లో కనబడి జీన్‌ఎక్స్‌పర్ట్‌లో రాని శాంపిల్ ఆ రోజే నా బల్ల మీదకి వస్తుంది. ఫారమ్‌లో "స్టెరాయిడ్ లేదా ఇమ్యూనిటీ తగ్గించే మందులు" అన్న గడి చేర్చాం. సగంమంది దాన్ని ఇప్పటికీ ఖాళీగా వదిలేస్తారు, మేం ఫోన్ చేసి అడుగుతాం. ప్లేట్లు అన్నేసి రోజులు ఉంచితే ఇంక్యుబేటర్లో చోటు చాలడం లేదని, గాలిలోంచి పడ్డ బూజు వస్తోందని మావాళ్ల ఫిర్యాదు. నిజమే. దానికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు.

మొదటి కఫం స్లైడు కూడా పెట్టెలోనే ఉంది. తర్వాత ఒక ఆదివారం దాన్ని గంటసేపు చూశాను, నోకార్డియా పోగు ఒక్కటైనా దొరుకుతుందేమోనని. పెంకుల్లాంటి కణాలు, వాటికి అంటుకున్న నోటి బ్యాక్టీరియా, అక్కడక్కడా లావుపాటి గ్రామ్ నెగెటివ్ కడ్డీలు. పోగు లేదు. ఆ శాంపిల్ మీద నేనిచ్చిన క్లెబ్సియెల్లా రిపోర్టుకి సవరణ రాసి పంపాను: "శాంపిల్ ఊపిరితిత్తులది కాదు, ఫలితాన్ని పరిగణించవద్దు." ఈసారి ఆ మాటలు పైన, పెద్ద అక్షరాల్లో ఉన్నాయి.